రోడ్ సైకిల్‌కు డిస్క్ బ్రేకు తప్పనిసరా? తయారీదారులకు బహిరంగ లేఖ

రోడ్ సైకిళ్ళు తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, డిజైన్ విభాగాలకు, ఏ మోడల్‌కు ఏ పార్టు వేయాలో తేల్చే ప్రొడక్ట్ మేనేజర్లకు,

నమస్కారం.

రోడ్ సైకిళ్ళు విప్పి బిగించడమే పనిగా ఉన్నవాళ్ళం, వాటి మీద దూరాలు తొక్కేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరమిది. రిమ్ బ్రేకు అంటే చక్రపు అంచును (రిమ్మును) రెండువైపులా రబ్బర్లతో పట్టేది; డిస్క్ బ్రేకు అంటే చక్రం మధ్యలో ఉండే లోహపు పళ్ళేన్ని (రోటర్‌ను) చిన్న ప్యాడ్లతో పట్టేది. మీ కొత్త కేటలాగుల్లో రిమ్ బ్రేకు ఉన్న రోడ్ సైకిల్ దాదాపు కనుమరుగైంది. డిస్క్ బ్రేకు చెడ్డదని మేం అనడం లేదు. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే మంచి హైడ్రాలిక్ డిస్క్‌ను సరిగ్గా బిగించి సరిగ్గా చూసుకుంటే, రోడ్ సైకిల్‌కు ఇంతవరకు వచ్చిన బ్రేకుల్లో అదే మేలైనది. మా అభ్యంతరమల్లా, అవసరం లేనివాళ్ళ మీద కూడా దాన్ని రుద్దుతున్నారని. తక్కువ ధర సైకిళ్ళకు వచ్చేసరికి దాని పేరు ఉంచి పనితనం తీసేస్తున్నారని.

ముందు ఆగడం సంగతి. "డిస్క్ అయితే తక్కువ దూరంలో ఆగుతుంది" అని మీ ప్రకటనల్లో రాస్తారు. పొడి రోడ్డు మీద ఈ మాట నిలబడదు. రోడ్ సైకిల్ మీద వంగి కూర్చున్న మనిషి బరువు కేంద్రం నేలకు సుమారు 1.1 మీటర్ల ఎత్తులో, ముందు చక్రం నేలను తాకే చోటికి సుమారు 60 సెంటీమీటర్ల వెనక ఉంటుంది. ఈ రెండు కొలతల నిష్పత్తే హద్దు. గురుత్వ త్వరణంలో 0.55 వంతు దాటి వేగం తగ్గిస్తే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. గంటకు 36 కిలోమీటర్ల వేగం నుంచి ఆ హద్దులో ఆగితే పట్టే దూరం 9 మీటర్ల పైచిలుకు. అల్యూమినియం రిమ్ము, మంచి డ్యుయల్ పివట్ కాలిపర్ (రెండు కీళ్ళ మీద కదులుతూ రబ్బర్లను రిమ్ముకు నొక్కే పట్టకారు లాంటి భాగం), నాణ్యమైన బ్రేకు రబ్బర్లు ఉంటే ఆ హద్దును లివర్ మీద రెండు వేళ్ళతో అందుకోవచ్చు. డిస్క్ దాన్ని ఒక వేలితో అందుకుంటుంది. ఆగే దూరం మాత్రం మారదు, ఎందుకంటే పొడి రోడ్డు మీద హద్దు బ్రేకుది కాదు, సైకిల్ పొడవుదీ మనిషి ఎత్తుదీ. భయపడి వెనక బ్రేకు ఒక్కటే నొక్కేవాళ్ళకు అదే వేగం నుంచి ఆగడానికి దాదాపు 20 మీటర్లు పడుతుంది. డిస్క్ వేసినా వాళ్ళకు ఆ 20 మీటర్లు తగ్గవు. ముందు బ్రేకు ఎలా నొక్కాలో సైకిల్‌తో పాటు ఒక పేజీ అచ్చేసి ఇస్తే మాత్రం తగ్గుతాయి.

వానలో లెక్క వేరు, అక్కడ మీరే గెలిచారు. తడి రిమ్ము మీద ముందు నీటిపొర తుడుచుకుపోవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే 2.1 మీటర్లు. తుడవడానికి మూడు చుట్లు పట్టినా 6 మీటర్లకు పైగా బ్రేకు లేకుండా పోయినట్టే. కార్బన్ రిమ్ము అయితే ఇంకా ఆలస్యం, పైగా పట్టు ఒక్కసారిగా దొరికి చక్రం జారే ప్రమాదం. డిస్క్ నేలమీది నీటికీ బురదకూ దూరంగా ఉంటుంది. చిన్న ప్యాడ్ మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి తడి వెంటనే తొలగిపోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు వానలో తొక్కేవాళ్ళకు, కార్బన్ చక్రాలు వాడేవాళ్ళకు, సామాను కట్టుకుని కొండలు దిగేవాళ్ళకు, బరువైనవాళ్ళకు, వేళ్ళలో బలం తక్కువ ఉన్నవాళ్ళకు డిస్క్ కావాలి. వాళ్ళ విషయంలో మాకు మారుమాట లేదు.

వెడల్పు టైర్లకు డిస్కే కావాలన్న మీ వాదన మాత్రం సగమే నిజం. 39 నుంచి 49 మిల్లీమీటర్ల రీచ్ (బిగించే బోల్టు నుంచి బ్రేకు రబ్బరు దాకా దూరం) ఉన్న మామూలు కాలిపర్ కింద 25, మహా అయితే 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పడుతుంది. 47 నుంచి 57 రీచ్ ఉన్న కాలిపర్లు దశాబ్దాలుగా ఉన్నాయి. ఫ్రేము, ఫోర్కు దానికి తగ్గట్టు చేస్తే 30 టైరు హాయిగా, చాలా ఫ్రేముల్లో 32 కూడా పడుతుంది. వెడల్పు టైరు కావాలంటే డిస్క్ తప్ప దిక్కులేదన్న మాట 35 దగ్గర మొదలవుతుంది, 28 దగ్గర కాదు. మీరు ఆ కాలిపర్లను మానేసి, ఆపైన రిమ్ బ్రేకుకు వెడల్పు టైరు పట్టదంటున్నారు.

పోటీల్లో అందరూ డిస్కే వాడుతున్నారు కదా అంటారు. పోటీల చరిత్ర మీరు చెప్పినంత సూటిగా ఏమీ లేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) 2015లో కొద్ది పోటీల్లో పరీక్షకు ఒప్పుకుంది, 2016లో పారిస్-రూబే పోటీ తర్వాత గాయాల ఫిర్యాదులతో ఆపేసింది, 2017లో మళ్ళీ మొదలుపెట్టింది, 2018 జులై 1 నుంచి పూర్తి అనుమతి ఇచ్చింది. 2017 టూర్ ద ఫ్రాన్స్‌లో మార్సెల్ కిటెల్ డిస్క్‌తో ఒక దశ (ఒక రోజు పోటీ) గెలిచాడు. 2020లో టూర్ గెలిచిన తాడెయ్ పోగచార్ కొండ దశల్లో తొక్కింది రిమ్ బ్రేకుల సైకిలే. నాలుగుసార్లు టూర్ గెలిచిన క్రిస్ ఫ్రూమ్ 2021 ఆరంభంలో, డిస్క్‌కు ప్యాడ్ రాసుకుంటోందని, పొడవాటి వాలు దిగేటప్పుడు రోటర్ వేడెక్కి వంగుతోందని, ప్యాడ్లను నెట్టే పిస్టన్లు ఒక్కోసారి సరిగా వెనక్కి రావడం లేదని బాహాటంగానే చెప్పాడు. అయినా ఇదంతా మా వాదనకు ముఖ్యం కాదు. పోటీ సైకిల్ వెనక కారు వస్తుంది, కారు మీద మరో సైకిల్ ఉంటుంది, రాత్రికి మెకానిక్ దాన్ని విప్పి తుడిచి బిగిస్తాడు. మీ సైకిల్ కొనుక్కున్నవాళ్ళకు ఆ మూడూ ఉండవు.

ఇప్పుడు వేడి సంగతి. దీన్ని లెక్కతో చెప్పాలి, ఎందుకంటే రెండు పక్షాలూ ఇక్కడే ఎక్కువ పొరబడుతున్నాయి. సైకిల్, మనిషి కలిపి 85 కిలోలు. 8 శాతం వాలు, 5 కిలోమీటర్ల పొడవు. బ్రేకు ముట్టుకోకుండా వదిలేస్తే గాలి నిరోధమే గంటకు 62 కిలోమీటర్ల దగ్గర వేగాన్ని నిలబెడుతుంది. గంటకు 40 దగ్గర పట్టి ఉంచాలంటే బ్రేకులు దాదాపు 400 వాట్ల వేడిని భరించాలి. గంటకు 20 దగ్గర పట్టి ఉంచితే దాదాపు 310 వాట్లు. తగ్గిందనిపిస్తుంది కానీ దిగడానికి ఏడున్నర నిమిషాల బదులు పావుగంట పడుతుంది, గాలి చేయాల్సిన పని కూడా బ్రేకు మీదే పడుతుంది. మొత్తం వేడి 184 కిలోజౌళ్ళ నుంచి 279కి పెరుగుతుంది. భయంతో నెమ్మదిగా, లివర్ వదలకుండా దిగే కొత్తవాళ్ళే బ్రేకును ఎక్కువ కాలుస్తారు. ఆ వేడి అల్యూమినియం రిమ్ములోకి వెళితే, 62 సెంటీమీటర్ల వ్యాసమున్న లోహపు వలయం గాల్లో తిరుగుతూ దాన్ని వదిలించుకుంటుంది. కార్బన్ రిమ్ములోకి వెళితే పోగుల్ని అతికించే రెజిన్ మెత్తబడి టైరు అంచు పట్టే గోడ ఉబ్బవచ్చు, లేటెక్స్ ట్యూబు ఉంటే పగలవచ్చు. వంద గ్రాములు అటూ ఇటూ ఉండే 140 మిల్లీమీటర్ల రోటర్‌లోకి వెళితే రోటర్ నీలిరంగుకు తిరుగుతుంది, రెజిన్ ప్యాడ్ పైపొర గాజులా మెరిసి పట్టు వదులుతుంది. ఆయిల్‌లో పాత తేమ చేరి ఉంటే అది మరిగి లివర్ హ్యాండిల్‌కు ఆనుకునేదాకా వచ్చేస్తుంది. కాబట్టి కొండలకు డిస్క్ అంటే చాలదు. ముందు చక్రానికి 160 రోటర్, వేడి వదిలే రెక్కలున్న ప్యాడ్లు అని కూడా చెప్పాలి. అందంగా కనిపిస్తుందని ముందూ వెనకా 140 వేసి పెద్దసైజు ఫ్రేములు కూడా అమ్ముతున్నారు. పెద్దసైజు ఫ్రేము కొనేది బరువైన మనిషి అన్న సంగతి డిజైన్ విభాగానికి తట్టకపోవడం వింతే.

మా అసలు గొడవ ప్రారంభ స్థాయి సైకిళ్ళతో. పైస్థాయి సైకిల్‌కు డిస్క్ ఉంది కాబట్టి కింది దానికీ ఉండాలని కేబుల్‌తో లాగే డిస్క్ కాలిపర్ తగిలిస్తున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది. అది ఎలా పనిచేస్తుందో చూడండి. ఒకవైపు ప్యాడ్ మాత్రమే కదులుతుంది. అది రోటర్‌ను పక్కకు వంచి, కదలని రెండో ప్యాడ్‌కు ఆనిస్తుంది. 160 రోటర్ మీద ప్యాడ్ పట్టే చోటు ఇరుసుకు 7 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, రిమ్ము మీద పట్టే చోటు 31 సెంటీమీటర్ల దూరంలో. అదే ఆగుదలకు రోటర్ దగ్గర నాలుగు రెట్లకు పైగా బలం కావాలి. హైడ్రాలిక్ ఆ బలాన్ని సులువుగా ఇస్తుంది. ఇక్కడేమో ఆ బలమంతా ఒక కేబుల్, కాలిపర్‌కున్న ఒక చిన్న లోహపు చేయి ఇవ్వాలి. ఆ కేబుల్‌ను ఫ్రేము లోపల మూడు వంపులు తిప్పి, స్ప్రింగులా చుట్టిన మామూలు కేసింగ్‌లో (కేబుల్ పై తొడుగులో) వెనకదాకా పంపుతారు. లివర్ నొక్కితే ఆ కదలికలో కొంత కేసింగ్ నలగడానికే పోతుంది.

ఆపైన ప్యాడ్ అరుగుదల. కదలని ప్యాడ్‌ను కాలిపర్ లోపలివైపు మర తిప్పి రోటర్‌కు దగ్గరగా జరుపుతూ ఉండాలి, మధ్యలో 0.2 లేక 0.3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి. అది చెప్పేవాళ్ళు లేక అందరూ చేసేది కేబుల్ కొసన ఉండే బిగింపు మర (బ్యారెల్) తిప్పి బిగించడం. బిగించిన ప్రతిసారీ కాలిపర్ చేయి కొంత ముందుకే తిరిగి నిలబడుతుంది. నాలుగైదుసార్లు అయ్యాక చేయి తిరగగలిగిన దూరమంతా అయిపోతుంది. లివర్ గట్టిగానే తగులుతుంది, బ్రేకు బిగుతుగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ ప్యాడ్ రోటర్‌ను నొక్కదు. మా దగ్గరికి "బ్రేకు పడటం లేదు" అని వచ్చే తక్కువ ధర డిస్క్ సైకిళ్ళలో మొదట చూడాల్సింది ఇదే. కేబుల్ పూర్తిగా వదులు చేసి, చేయిని మొదటి స్థానానికి తెచ్చి, లోపలి ప్యాడ్ దగ్గరకు జరిపి, అప్పుడు కేబుల్ బిగించాలి. నలగని రకం కేసింగ్ వేస్తే సగం ప్రాణం లేచి వస్తుంది. ఇంత చేసినా అది ఒక మంచి డ్యుయల్ పివట్ రిమ్ బ్రేకు సరసన నిలవదు. బరువు మాత్రం ఎక్కువ. చక్రం, ఫోర్కు, హబ్ (చక్రం నడిమి భాగం) అన్నీ ఆ డిస్క్ కోసం బలంగా చేయాల్సి వస్తుంది కదా. బ్రేకు లాగుడంతా హబ్ నుంచి స్పోకుల ద్వారా రిమ్ముకు వెళ్ళాలి కాబట్టి ముందు చక్రానికి కూడా స్పోకులు అడ్డంగా అల్లాలి. ఫోర్కు ఎడమ కాలు కింది కొస బలమంతా భరించాలి. చేత్తో విప్పగలిగే క్విక్ రిలీజ్ బిగింపు అయితే ఆ లాగుడు ఇరుసును ఫోర్కు గాడిలోంచి కిందికి నెట్టే దిశలో పనిచేస్తుంది, అందుకే ఫోర్కు రంధ్రాల గుండా దూర్చి మర బిగించే 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ తప్పలేదు. ఇవన్నీ సమంజసమైన పరిష్కారాలే, కాదనం. కానీ ఆ ఖర్చంతా పోగా బ్రేకుకు మిగిలింది పాత బ్రేకు కంటే నాసిరకం సరుకైతే కొన్నవాడికి ఏం ఒరిగింది?

హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఫ్రేము ముందు గొట్టంలో ఉండే బేరింగ్ల జత) లోంచి బ్రేకు ఆయిల్ హోసులు దూర్చడం మీద ఇంకో మాట. హ్యాండిల్ ముందు తీగలు కనపడకూడదని హోసులను స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) కింద నుంచి, పై బేరింగ్ మధ్యలోంచి ఫ్రేములోకి పంపుతున్నారు. పై బేరింగ్ అంటే చెమట, వాన రెండూ దిగే చోటు, సులువుగా తుప్పు పట్టే బేరింగ్. బయటి హోసులుంటే స్టెమ్ వదులు చేసి, ఫోర్కు కిందికి దించి, బేరింగ్ మార్చి, గ్రీజు రాసి బిగించడం అరగంట పని. ఇప్పుడదే బేరింగ్ బయటికి రావాలంటే రెండు హోసులూ లివర్ దగ్గరో కాలిపర్ దగ్గరో విప్పాలి. విప్పిన హోసు కొస కత్తిరించాలి, కొత్త ఆలివ్ (హోసు కొసను బిగించే చిన్న లోహపు ఉంగరం), కొత్త ఇన్సర్ట్ (హోసు లోపల దూర్చే సన్నని గొట్టం) వేయాలి, ఎందుకంటే ఒకసారి నలిగిన ఆలివ్ రెండోసారి ఆయిల్‌ను ఆపదు. హోసు చివర కొంచెం అదనపు పొడవు వదలకపోతే రెండోసారి కత్తిరించడానికి మిగలదు, మొత్తం హోసే మార్చాలి. తర్వాత రెండు బ్రేకుల ఆయిల్‌లోంచీ గాలి బుడగలు తీయాలి. ఒక బేరింగ్ కోసం ఒక పూట. ఈ పని భారం వల్ల జనం బేరింగ్ మార్చడమే వాయిదా వేస్తారు, హ్యాండిల్ గరగరలాడుతూ ఒకచోట ఇరుక్కునేదాకా తొక్కుతారు. బ్రేకు మంచిదే అయినా దాని హోసు వెళ్ళే దారి వల్ల స్టీరింగ్ పాడవుతోంది.

హైడ్రాలిక్ చూసుకోవడం కష్టమేమీ కాదు, కానీ క్రమం కావాలి. బ్రేకులు చేసే కంపెనీల్లో షిమానో, కాంపన్యోలో మినరల్ ఆయిల్ వాడతాయి. శ్రామ్ రోడ్ బ్రేకులకు డాట్ 5.1 అనే బ్రేకు ఫ్లూయిడ్. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే సీళ్ళు ఉబ్బి మొత్తం పాడవుతాయి. డాట్ పెయింటును కూడా తింటుంది. ఆ సంగతి రిజర్వాయర్ మూత మీద కంటికి కనిపించేంత పెద్దగా రాయండి. షిమానో రోటర్ కొత్తగా 1.8 మిల్లీమీటర్లు, 1.5కు వస్తే మార్చాలి. ప్యాడ్ పదార్థం 0.5 మిల్లీమీటర్లకు చేరితే అయిపోయినట్టే. చక్రం తీసినప్పుడు లివర్ నొక్కితే పిస్టన్లు ముందుకు వచ్చి ప్యాడ్లు అతుక్కుంటాయి, అందుకే మధ్యలో చిన్న అడ్డుముక్క (స్పేసర్) పెట్టాలి. చైను ఆయిల్ స్ప్రే చేస్తే తుంపర రోటర్ మీద పడుతుంది. నూనె ఇంకిన ప్యాడ్‌ను గీకినా, కాల్చినా తిరిగి పనికొస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. కొత్త ప్యాడ్లు వేశాక గంటకు 25 కిలోమీటర్ల నుంచి నడక వేగం దాకా 20 సార్లు, పూర్తిగా ఆపకుండా బ్రేకు వేసి ప్యాడ్లను రోటర్‌కు కుదర్చాలి. అలా కుదర్చకుండా తొలిరోజే పెద్ద దిగుడుకు వెళ్ళిన సైకిళ్ళే ఆ తర్వాత కీచుమంటాయి.

రిమ్ బ్రేకులో లోపాలు లేవని మేం దాచం. అది రిమ్మునే తింటుంది. గోడ ఒక మిల్లీమీటరుకు పలచబడితే లోపలి గాలి ఒత్తిడికి రిమ్ము చీలిపోవచ్చు, అదీ తొక్కుతుండగా. రిమ్ము మీద అరుగుదల గుర్తుగా చిన్న గుంటో గీతో ఉంటే అది మాయమైనప్పుడు మార్చాలి. గుర్తు లేకపోతే స్కేలు అడ్డంగా ఆనించి చూడాలి, గోడ లోతుగా పుటాకారంగా ఉంటే రోజులు దగ్గరపడ్డట్టే. బ్రేకు రబ్బరులో మెరిసే అల్యూమినియం తునకలు చిక్కుకుంటాయి, వాటిని సూదిమొనతో తీసేయకపోతే రిమ్మును గాళ్ళు గాళ్ళుగా కోస్తాయి. ఇదీ చూసుకోవాల్సిన పనే. అయితే ఇందుకు కావాల్సింది ఒక అలెన్ కీ, ఒక సూది, పది నిమిషాలు. రబ్బరు ముందు కొసను రిమ్ముకు అర మిల్లీమీటరు దగ్గరగా, వెనక కొసను కొంచెం దూరంగా పెడితే కీచు పోతుంది. రబ్బరు టైరును తాకకూడదు, రిమ్ము కిందికీ జారకూడదు. దారిలో కేబుల్ తెగితే కొత్తది దూర్చి బిగించుకుని ఇంటికి చేరవచ్చు.

మేం అడిగేవి ఇవి. అల్యూమినియం ఫ్రేము ఉన్న కనీసం ఒక మోడల్‌కైనా 47-57 రీచ్ కాలిపర్, 30 టైరు పట్టే ఖాళీ, మామూలు క్విక్ రిలీజ్ చక్రాలతో రిమ్ బ్రేకు రకాన్ని కొనసాగించండి. డిస్క్ వేస్తే హైడ్రాలికే వేయండి, అంత స్తోమత లేని ధరలో డిస్క్ అన్న మాట వాడకండి. ముందు చక్రానికి 160 రోటరే ఇవ్వండి. తేలికైనవాళ్ళు కావాలంటే తర్వాత 140కి మార్చుకుంటారు. పోటీకి కాని మోడళ్ళలో హోసులు హెడ్‌సెట్ లోంచి కాకుండా ఫ్రేము కింది గొట్టం (డౌన్‌ట్యూబు) పక్క నుంచి లోపలికి పంపండి, గాలి నిరోధంలో పోయే ఆ కొద్ది వాట్లు రోజూ తొక్కేవాళ్ళకు లెక్కకే రావు.

అన్నిటికంటే అత్యవసరం రిమ్ములు. ఇప్పటికే లక్షల రిమ్ బ్రేకు సైకిళ్ళు రోడ్ల మీద ఉన్నాయి. ఫ్రేములు ఇంకా ఇరవై ఏళ్ళు నిలుస్తాయి, రిమ్ములు నిలవవు. బ్రేకు గోడ ఉన్న 622 (700C సైజు) రిమ్ములు 28, 32 రంధ్రాలతో దొరకడం కష్టమవుతోంది. 24 రంధ్రాలవి ఇంకా అరుదు. షిమానో 105 స్థాయి 12-స్పీడ్ గేర్లలో రిమ్ బ్రేకు లివరే లేకపోవడంతో గేర్లు అరిగినవాళ్ళు పాత 11-స్పీడ్ సరుకు కోసం వెతుక్కుంటున్నారు. మీరు అమ్మిన సైకిళ్ళకు రిమ్ము, బ్రేకు రబ్బరు, లివర్ ఏ సంవత్సరం దాకా సరఫరా చేస్తారో ప్రతి మోడల్ పేరు పక్కన రాసి ప్రకటించండి. ఆ సంవత్సరం ఏదో తెలిస్తే మా దగ్గరికి వచ్చేవాళ్ళకు రిమ్ము మార్చుకోమనాలో, ముందే రెండు కొని దాచుకోమనాలో చెప్పగలుగుతాం.

ఇట్లు,
రోడ్ సైకిళ్ళు బాగుచేసేవాళ్ళం, తొక్కేవాళ్ళం